శుభలేఖ మీది అక్షరాలు – ఒక లండన్ వ్రాయసకాని చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగినప్పుడు డి.ఏ. బకాయిల గురించో, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించో వ్రాస్తాననుకొని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఈసారి ఒక అక్షరాల తీరు గురించి, దాని వెనుక ఉన్న మనిషి గురించి వ్రాయదలచుకున్నాను. ఆయన గుమాస్తాలను తయారు చేసినవాడు, పైగా లెక్కల తనిఖీ చేసినవాడు. మన సంచికలో ఆయనకు ఒక పేజీ ఇవ్వడం న్యాయమే.

రెండేళ్ళ క్రితం మా మనవరాలి పెళ్ళి శుభలేఖల కోసం హైదరాబాదు ఛత్తా బజారుకు వెళ్ళాము. ఆ బజారులో ఒకప్పుడు ఉర్దూ కాతిబులు రెల్లు కలాలతో పెళ్ళి పిలుపులు వ్రాసేవారు. ఇప్పుడు ఎక్కువగా కంప్యూటర్లే కనిపిస్తాయి. తెలుగు పేజీ త్వరగానే తేలిపోయింది. పెళ్ళికొడుకు స్నేహితుల కోసం ఇంగ్లీషు పేజీ కూడా కావాలన్నారు. దుకాణంలోని కుర్రవాడు తెర మీద పది పదిహేను రకాల అక్షరాలు చూపించాడు. ఒకదాని దగ్గర నేను ఆగిపోయాను. అన్నీ కుడివైపుకు వాలి, ఒకదాని చేయి ఒకటి పట్టుకొని నడుస్తున్నాయి. దిగే గీత లావు, ఎక్కే గీత వెంట్రుకవాసి.

"ఇది ఎవరి చేతివ్రాత బాబూ?" అని అడిగాను.

"చేతివ్రాత కాదు తాతగారూ, ఫాంటు. స్నెల్ రౌండ్‌హ్యాండ్ అంటారు" అన్నాడు.

ఫాంటు కావచ్చు గాని నా కంటికి అది మా పెద్ద గుమాస్తా గారి వ్రాత. అచ్చంగా అదే.

నేను 1962లో సర్వీసులో చేరేనాటికి మా సెక్షనులో టైపు మిషన్లు రెండే. రిజిస్టర్లన్నీ చేతితో వ్రాయవలసిందే. పెద్ద గుమాస్తా గారి జేబులో ఫౌంటెన్ పెన్ను ఉన్నా, ముఖ్యమైన కాగితం వస్తే సొరుగులోంచి సిరాబుడ్డి, పాళీ కలం, అద్దుడు కాగితం బయటికి వచ్చేవి. ఎవరు రిటైరైనా సన్మాన పత్రం ఆయన చేత్తో వ్రాయవలసిందే. దళసరి కాగితం మీద పెన్సిలుతో సన్నని గీతలు గీసుకొని, ఊపిరి బిగబట్టి వ్రాసేవారు. ఆ సమయంలో సెక్షనులో ఎవరూ బల్ల కదిపేవారు కాదు. 1978లో ఆయన వంతు వచ్చింది. ఆయనకు వ్రాసిపెట్టేవారు లేకపోయారు. టైపు చేయించి ఫ్రేము కట్టించారు. ఆ టైపు కొట్టింది నేనే. హడావిడిలో ఆయన ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. సభలో చదివేదాకా ఎవరూ గమనించలేదు. ఆయన మాత్రం చూడగానే గమనించారు. "ఫరవాలేదు లేవయ్యా, పెన్షను కాగితాల్లో మాత్రం తప్పు పడకుండా చూడు" అని నవ్వేశారు. ఆ నవ్వు నాకు నలభై ఏళ్ళు పైబడి గుర్తుండిపోయింది. అందుకే ఆ కుర్రవాడు చెప్పిన పేరు చీటీ మీద వ్రాసుకొని ఇంటికి వచ్చి, స్నెల్ ఎవరా అని చదవడం మొదలుపెట్టాను.

చార్లెస్ స్నెల్ 1667లో పుట్టాడు. లండనులో ఫాస్టర్ లేన్ అనే వీధిలో వ్రాత బడి నడిపాడు. ఆ రోజుల్లో ఇంగ్లండులో 'రైటింగ్ మాస్టర్' అంటే ప్రత్యేక వృత్తి. ఓడల వ్యాపారం పెరుగుతోంది, బ్యాంకులు పుడుతున్నాయి. షావుకార్లకు ఉత్తరాలు, చలానాలు, చిట్టా ఆవర్జాలు వ్రాయగల కుర్రవాళ్ళు వందల సంఖ్యలో కావలసి వచ్చారు. అప్పటిదాకా చలామణిలో ఉన్న పాత ఇంగ్లీషు దస్తావేజు వ్రాత కొక్కేలు, మెలికలతో నిండి ఉండేది. ఇటలీ నుంచి వచ్చిన వాలు వ్రాతను దిద్దుకొని, ఇంగ్లీషు మాస్టర్లు ఒక కొత్త వ్రాతను స్థిరపరిచారు. అదే 'రౌండ్ హ్యాండ్', గుండ్రని వ్రాత. కలం ఎత్తకుండా మాట మొత్తం వ్రాయవచ్చు. వేగం ఉంది, అయినా ఎవరు చదివినా తెలుస్తుంది. మన కరణాల గొలుసుకట్టు వ్రాతకు దీనితో చుట్టరికం కలపవచ్చు గాని, ఒక తేడా ఉంది. గొలుసుకట్టు చాలామట్టుకు వ్రాసినవారికీ, పక్క ఊరి కరణానికీ మాత్రమే తెలిసేది. ఈ రౌండ్ హ్యాండ్ ఊరూపేరూ తెలియని పరాయివాడు కూడా చదువుకోగలగాలని పుట్టింది.

అప్పటికి ఉక్కు పాళీలు లేవు. అవి బర్మింగ్‌హామ్ కార్ఖానాల్లో విరివిగా తయారవడం 19వ శతాబ్దంలో మాట. స్నెల్ వ్రాసింది బాతు ఈక కలంతో. ఈక మొన సన్నగా చెక్కి, మధ్యలో చీలిక పెడితే, నొక్కినప్పుడు చీలిక విచ్చుకొని గీత లావవుతుంది, వదిలితే సన్నబడుతుంది. ఆ లావు సన్నాల అందమంతా వేలి ఒత్తిడిలోనిదే. మాస్టర్లు వ్రాసిన నమూనాలను చెక్కుడు పనివాళ్ళు రాగిరేకు మీద తిరగవేసి చెక్కేవారు. వాటితో పుస్తకాలు అచ్చయ్యేవి. అందుకే ఈ వ్రాతకు 'కాపర్‌ప్లేట్' అని, అంటే రాగిరేకు అని, ఇంకో పేరు వచ్చింది. స్నెల్ తన 27వ ఏట, 1694లో అటువంటి నమూనాల పుస్తకం ఒకటి తెచ్చాడు. వ్రాత మీదే కాదు, జమాఖర్చులు వ్రాసే పద్ధతి మీద కూడా ఆయన పుస్తకాలు ఉన్నాయి.

మనిషి కొంచెం మొండివాడు. ఆ కాలపు మాస్టర్లకు ఒక సరదా ఉండేది. అక్షరం చివర కలం తిప్పుతూ తిప్పుతూ పక్షినో, చేపనో, దేవదూతనో ఒకే గీతలో గీసి చూపించడం. చూసినవారు ఔరా అనేవారు, బడిలో పిల్లలు చేరేవారు. స్నెల్‌కు ఇది గిట్టేది కాదు. గుడ్లగూబలూ, కోతులూ షావుకారు దుకాణంలో ఎందుకు పనికివస్తాయని ఆయన వాదన. వ్యాపారానికి కావలసింది తేటగా, త్వరగా, ఒకే తీరుగా వ్రాసే చెయ్యి. 1712లో 'వ్రాత కళ' మీద పుస్తకం వ్రాసి ఈ మాటే గట్టిగా చెప్పాడు. అక్కడితో ఆగక, ప్రతి అక్షరానికీ ఎత్తెంత, వెడల్పెంత, వాలెంత అని కొలతలతో సూత్రాలు కట్టి ఇంకో పుస్తకం వేశాడు. జాన్ క్లార్క్ అనే తోటి మాస్టరుకు ఒళ్ళు మండింది. వ్రాత కంటితో, చేతితో వచ్చేదే గాని కొలబద్దతో వచ్చేది కాదని ఆయన పక్షం. ఇద్దరూ అచ్చులోనే తగవులాడుకున్నారు. మా సెక్షనులో నోట్ షీటు మార్జిను ఎంత వదలాలన్న దాని మీద ఇద్దరు సూపరింటెండెంట్లు సంవత్సరం పాటు కాగితాల మీద పోట్లాడుకోవడం నేను కళ్ళారా చూశాను కనుక నాకు ఇది వింతగా తోచలేదు.

ఇక స్నెల్‌కు మనతో ఉన్న అసలు బంధుత్వం చెప్పాలి. ఇంగ్లండులో 1711లో సౌత్ సీ కంపెనీ అని ఒకటి పెట్టారు. ప్రభుత్వ అప్పును తన మీద వేసుకొని, దానికి బదులు వాటాలు అమ్ముకునే ఏర్పాటు. 1720 జనవరిలో సుమారు 128 పౌన్లున్న వాటా ధర, వేసవికి వెయ్యి పౌన్ల దరిదాపులకు ఎగబాకింది. దొరలు, దొరసానులు, పాదిరీలు, వంటవాళ్ళు అందరూ ఎగబడ్డారు. శరత్తు వచ్చేసరికి పడిపోయింది. ఏడాది చివరకు ధర దాదాపు మొదలుపెట్టిన చోటికే వచ్చింది. మహామేధావి ఐజాక్ న్యూటన్ కూడా డబ్బు పోగొట్టుకున్నాడు. కంపెనీ ఖజాంచీ రాబర్ట్ నైట్ 1721 జనవరిలో దేశం వదలి పారిపోయాడు. పార్లమెంటు విచారణ కమిటీ వేసింది. (చిట్‌ఫండ్ కంపెనీల సంగతి అనుభవం మీద తెలిసిన మిత్రులకు ఈ కథలో కొత్తేమీ కనబడదు.)

ఆ డైరెక్టర్లలో ఒకడైన జేకబ్ సాబ్రిడ్జ్‌కు భాగస్వాములతో కలిసి వేరే వ్యాపార సంస్థ ఉండేది. దాని లెక్కల పుస్తకాలలో ఒక పేరు మార్చిన సంగతి పార్లమెంటు కమిటీ పట్టుకుంది. ఖజానా కార్యదర్శి చార్లెస్ స్టాన్‌హోప్ పేరు కొంత చెరిపి, 'స్టాంగేప్' అని దిద్దారట. నాలుగైదు అక్షరాల పని! ఆ పేరు మీద జరిగిన వాటాల లాభం 2,50,000 పౌన్లు. అయినా సభలో స్టాన్‌హోప్ మూడు ఓట్ల తేడాతో బయటపడ్డాడు.

ఈ సాబ్రిడ్జ్ కంపెనీ పుస్తకాలనే పరీక్షించి నివేదిక వ్రాసినవాడు మన చార్లెస్ స్నెల్. 1721లో అచ్చయిన ఆ నివేదిక శీర్షికలో తాను ఫాస్టర్ లేన్‌లో వ్రాత నేర్పే మాస్టరునని చెప్పుకున్నాడు. ఒక పబ్లిక్ కంపెనీ వ్యవహారంలో బయటి అకౌంటెంటు పుస్తకాలు తిరగేసి నివేదిక ఇవ్వడం అదే మొదటిసారని లెక్కల చరిత్రకారులు తరచు చెబుతారు. పని పెట్టింది డైరెక్టర్ల పక్షం వారే. ఫీజు ఇచ్చినవారి పుస్తకాలు తనిఖీ చేయడంలో ఉండే చిక్కు ఆడిట్ శాఖలో పనిచేసిన సభ్యులకు నేను వివరించనక్కరలేదు. నా మనసుకు పట్టినది వేరే సంగతి. అక్షరం ఎంత ఎత్తుండాలో, ఎంత వాలాలో సూత్రాలు కట్టిన మనిషి ముందుకే, పేరు దిద్దిన ఆవర్జా వచ్చింది.

స్నెల్ 1733లో పోయాడు. ఇంగ్లండు న్యాయస్థానాల దస్తావేజులు లాటినులో, పాత కోర్టు వ్రాతలో కాక, ఇంగ్లీషులో, అందరూ చదవగల మామూలు వ్రాతలో ఉండాలన్న చట్టం అమలులోకి వచ్చింది కూడా ఆ సంవత్సరమే. జార్జి బిక్‌హామ్ అనే చెక్కుడు పనివాడు ఇరవై ఐదుగురు వ్రాత మాస్టర్ల నమూనాలతో 212 రాగిరేకుల మహాసంపుటాన్ని భాగాలుగా తేవడం మొదలుపెట్టింది కూడా 1733లోనే. రౌండ్ హ్యాండ్ గెలిచింది.

అది మనదాకా ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో అన్నిటికంటే కింది హోదా పేరే 'రైటర్'. చెన్నపట్నం కోటలోనూ, కలకత్తాలోనూ కూర్చొని ఆ రైటర్లు ఉత్తరాలకు, లెక్కలకు నకళ్ళ మీద నకళ్ళు తీశారు. కలకత్తాలో వారి పేరు మీదనే రైటర్స్ బిల్డింగ్ వెలసింది. దేశీయ గుమాస్తాలు ఆ వ్రాతను చూసి నేర్చారు. తరువాత బడులలో నాలుగు గీతల కాపీ పుస్తకాలు వచ్చాయి. మనం దిద్దినవి అవే. కింది గీత నుంచి పై గీతకు సన్నగా ఎక్కి, లావుగా దిగమని మేష్టారు బెత్తం పట్టుకొని చెప్పినది, బాతు ఈక మొన చీలిక చేసే పనే. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో గాని, మన వేళ్ళకు మాత్రం తెలుసు. 1870ల నుంచి టైపు మిషన్లు అమెరికాలో అమ్మకానికి వచ్చి, మెల్లగా ప్రపంచంలో ఆఫీసులన్నిటికీ ఎక్కాయి. ఆఫీసు కాగితానికి చేతివ్రాత అవసరం తగ్గుతూ వచ్చింది. ఆ మార్పు చివరి ముక్క మన తరం సర్వీసులో జరిగింది.

ఇక్కడ చదివేవారికి ఒక సందేహం రావాలి. చేతివ్రాత అంత బాగుంటే అచ్చు అక్షరాలుగా ముందే పోతపోయలేదా? పోశారు, కాని సుఖపడలేదు. సీసపు అక్షరం ఒక చతురపు దిమ్మె మీద ఉంటుంది. దిమ్మె పక్కన దిమ్మె పెట్టి పేర్చాలి. వాలిన అక్షరానికి తోక దిమ్మె దాటి బయటకు రావాలి. వస్తే అచ్చు ఒత్తిడికి విరిగిపోతుంది, రాకపోతే పక్క అక్షరంతో కలవదు. కలిసిందనుకున్న చోట సన్నని తెల్లగీటు పడుతుంది. 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో ఫిర్మాన్ డిడో దిమ్మెలనే వాలుగా పోసి చూశాడు. అందం వచ్చింది గాని పేర్చేవాడికి తల ప్రాణం తోకకు వచ్చేది. సీసం కరిగించి వరుస వరుసే పోసే లైనోటైపు యంత్రంలోనైతే అక్షరం తన హద్దు దాటడమే కుదరదు. తెలుగు ప్రెస్సుల్లో పనిచేసిన కంపోజిటర్లకు ఇది బాగా అర్థమవుతుంది. వత్తులూ, గుడులూ విడివిడిగా పేర్చి మాట కూర్చినవారు వారు.

ఈ చిక్కు విడదీసినవాడు మాథ్యూ కార్టర్. 1937లో లండనులో పుట్టాడు. తండ్రి హారీ కార్టర్ అచ్చు అక్షరాల చరిత్రలో పండితుడు. కుర్రవాడు ఆక్స్‌ఫర్డులో చేరవలసిన వయసులో హాలండులోని ఎన్‌స్కెడే అచ్చుకూటానికి వెళ్ళి, ఉక్కు కడ్డీ మీద అక్షరం చెక్కే పాత విద్య ఏడాది పాటు నేర్చుకున్నాడు. ఆ విద్యకు అప్పటికే బజారులో గిరాకీ లేదు. పదవీ విరమణ దగ్గరపడిన వృత్తిలో కొత్తగా చేరినట్టన్నమాట. 1965లో న్యూయార్కు వెళ్ళి మెర్గెంథేలర్ లైనోటైపు కంపెనీలో చేరాడు. అప్పుడే ఫొటో కంపోజింగు యంత్రాలు వస్తున్నాయి. అక్షరాల నెగెటివుల గుండా వెలుగు పోయి ఫిల్ము మీద పడుతుంది. వెలుగుకు దిమ్మె లేదు, విరిగే తోకా లేదు. ఒక అక్షరం మీదికి ఇంకో అక్షరం ఒరగవచ్చు. సీసంలో సాధ్యం కానిది ఏదైనా చేసి చూపాలని కంపెనీ కోరిక. కార్టరు రెండున్నర శతాబ్దాల కిందటి స్నెల్ నమూనాలను ఎంచుకున్నాడు.

పని తేలిక కాదు. చిన్న అక్షరాలు 26. ఏ అక్షరం తరువాత ఏదైనా రావచ్చు కనుక జతలు 676. ప్రతి జతలోనూ ఒకదాని తోక ఎక్కడ ఆగుతుందో ఇంకోదాని తల సరిగ్గా అక్కడే మొదలవాలి. ఎత్తు, వాలు, లావు మూడూ కుదరాలి. చేత్తో వ్రాసేవాడు పక్క అక్షరాన్ని చూసి సర్దుకుంటాడు. యంత్రం సర్దుకోదు. జాన్ క్లార్క్ ఎగతాళి చేసిన ఆ కొలతలు ఇక్కడ అక్కరకు వచ్చాయని నా అభిప్రాయం. ఇష్టం వచ్చినట్టు వంపులు తిరిగే వ్రాతనైతే అచ్చుకు ఎక్కించడం ఇంకా కష్టమయ్యేది. ఒకే తీరుగా వ్రాయాలని పట్టుబట్టినవాడి చెయ్యి కనుక యంత్రానికి లొంగింది. 1965-66లలో తయారైన ఆ అక్షరాలకు కార్టరు తన పేరు పెట్టుకోలేదు, స్నెల్ పేరే పెట్టాడు. తరువాత 1972లో, స్నెల్ కాలంవాడే అయిన జార్జి షెల్లీ పేరుతో ఇంకో వ్రాత చేశాడు. అది స్నెల్ దానికంటే వంపులు ఎక్కువైన రకం. అమెరికా టెలిఫోను డైరెక్టరీలో చీమతలకాయంత అక్షరాలు, కంప్యూటరు తెర మీద చదువుకునే 'జార్జియా', 'వెర్డానా' కూడా ఈ కార్టరువే. ఇప్పుడు ఆపిల్ కంపెనీ కంప్యూటర్లలో, ఫోన్లలో స్నెల్ రౌండ్‌హ్యాండ్ ముందే ఎక్కించి ఉంటుంది. మీ మనవల చేతిలో ఉండి ఉండవచ్చు, అడిగి చూడండి.

స్నెల్ ఇప్పుడు లేచి వస్తే సంతోషిస్తాడా అని నాకు అనుమానం. అలంకారం వద్దు, పనికి వచ్చే అక్షరం కావాలని జీవితమంతా పోట్లాడాడు. ఈనాడు ఆయన అక్షరాలతో ఎవరూ చలానా వ్రాయరు, ఆవర్జా వ్రాయరు. పెళ్ళిపిలుపులకు, ప్రశంసా పత్రాలకు, అత్తరు సీసాల మీదికి మాత్రమే వాడుతున్నారు. వాడడం కూడా సరిగ్గా చేతకావడం లేదు. కిందటి ఏడు మన సంఘం తరఫున ఎనభై ఏళ్ళు నిండిన సభ్యులకు ప్రశంసా పత్రాలు వేయించాము. కంప్యూటరు అబ్బాయి గౌరవంగా ఉంటుందని పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో కూర్చాడు. ఈ వ్రాతలో పెద్ద అక్షరాలు మాట మొదట ఒక్కటిగా నిలబడడానికి పుట్టినవి. ఒక్కొక్కటి తలపాగా చుట్టుకొని ఉంటుంది. తలపాగాలన్నీ వరసగా నిలబడితే ఒక్క మొహమూ కనబడలేదు. ఎవరి పత్రం ఎవరిదో సభ్యులు వెతుక్కోవలసి వచ్చేది. మళ్ళీ కూర్పించాము. మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి, వాటి మధ్య ఖాళీ పెంచకూడదు. పెంచితే చేయీ చేయీ విడిపోతాయి. మీ ఇళ్ళలో శుభకార్యాలకు ఈ అక్షరం వేయించేవారు ఇది గుర్తుంచుకోగలరు.

ఒక్క సంగతి మిగిలింది. పెద్ద గుమాస్తా గారు 1991లో స్వర్గస్థులయ్యారు. వారి అబ్బాయి కూడా ఇప్పుడు పింఛనుదారే. ఆ ప్రశంసా పత్రాల పని నడుస్తుండగా ఆయనకు ఫోను చేసి, 1978 నాటి ఫ్రేము ఉందా అని అడిగాను. అటక మీద ఉందన్నారు. తెప్పించుకున్నాను. కాగితం పసుపుపచ్చబడింది, నేను కొట్టిన తప్పు మాత్రం నల్లగా అలాగే ఉంది. మొదట పాళీ, సిరా కొనుక్కొని నేనే వ్రాద్దామనుకున్నాను. చెయ్యి వణికి, మూడో వరుస దగ్గర సిరా ఒలికింది. నాలుగు రోజులు ప్రయత్నించి మానుకున్నాను. ఆ వాక్యాలనే మార్చకుండా ఛత్తా బజారు కుర్రవాడి చేత స్నెల్ అక్షరాలలో దళసరి కాగితం మీద వేయించాను. ఇంటిపేరు ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి చూపించి మూడుసార్లు సరిచూశాను. కుర్రవాడు విసుక్కోలేదు.

ఫ్రేము ఇప్పుడు వారి ఇంట్లో, ఆయన ఫొటో పక్కన ఉంది. పాతదాన్ని పారేయవద్దని అబ్బాయికి చెప్పాను. అది కొత్తదాని వెనకే అట్టముక్క కింద పెట్టించారు.